పెట్టె నడకలో ప్రేమపాట

హైదరాబాదు,
ఆదివారం, ప్రార్థన ముగిసిన తరువాత.

పూజ్యుడైన అన్న దేవసహాయానికి తమ్ముడు ప్రకాశం చేతులు జోడించి వ్రాయునది.

ఈ వారం నాకు జ్వరం గాని దగ్గు గాని లేవు. తిన్నది అరుగుతోంది, పడుకుంటే నిద్ర పడుతోంది. నీ మోకాలి వాపు తగ్గిందా, వదిన కంటి చుక్కల మందు గుంతకల్లులోనే దొరుకుతోందా, ఈ రెండూ తప్పక తెలియజేయవలెను. గుత్తిలో పుట్టింట ఉన్న నీ మరదలు సుజాతా, పాపా బాగున్నారని నిన్ననే విన్నాను. వాళ్ళను గురించి నీవు దిగులు పెట్టుకోవద్దు. నా గురించి అసలే వద్దు.

నీవు ఫోను చేసిన ప్రతిసారీ అడుగుతున్నది ఒక్కటే: "ఏమిరా, నా బూర సినిమాలో ఉండాదా, ల్యాదా?" నేను ప్రతిసారీ సిగ్నలు సరిగా లేదన్నాను. సిగ్నలు బాగానే ఉంది. ఆ జవాబు నోటితో చెప్పగలిగినది కాదు కనుక కాగితం తీసుకున్నాను. ఏది ముందు, ఏది వెనుక అని అనుకోకుండా నేను పెన్ను పట్టలేనని నీకు తెలుసు. నీ ప్రశ్నకు జవాబు దాని చోట అది వస్తుంది. మధ్యలో దాటవేయకుండా చదువు. వదినకు వినిపించవద్దు.

ముందుగా ఇక్కడి సంగతులు. వాన విడవకుండా పడుతోంది. గది గోడకు బూజు పట్టింది, ఉతికిన చొక్కా రెండు రోజులైనా ఆరదు. వచ్చిన కొత్తలో వాన పడినప్పుడల్లా పని వదిలి బయటికి వచ్చి నిలబడేవాణ్ణి. పక్క గదివాళ్ళు నాకు మతి చెడిందనుకునేవారు. ఇప్పుడు నేను కూడా వాళ్ళతో కలిసి వానను తిడుతున్నాను. మెస్సులో అన్నం తెల్లగా, మెత్తగా ఉంటుంది గాని కడుపులో నిలవదు. సంగటి అడిగితే ఆదివారం స్పెషల్ అని చెప్పి, గుప్పెడంత ముద్దను అరటాకులో పెట్టి ఇచ్చారు. ఇటువైపు ఎవరైనా వస్తే శెనక్కాయల పొడి ఒక డబ్బా పంపించు. కారం తగ్గించవద్దని వదినకు చెప్పు. మాట్లాడే తోడు లేదన్న మాట నిజమే, కాని అలవాటవుతోంది. నేను బాగానే ఉన్నాను.

ఇక పని. గుంతకల్లులో రేడియోలూ టేపురికార్డర్లూ విప్పి కూర్చిన చేతులతోనే ఇప్పుడు సినిమాకు సంగీతం అతికిస్తున్నాను. బొమ్మ ఎక్కడ మారుతుంది, మనిషి ఎక్కడ కళ్ళెత్తుతాడు, ఏ క్షణాన పాట మొదలై ఏ క్షణాన ఆగవలె, ఇదంతా చూసి కత్తిరించి పెట్టడం నా పని. ఎవరూ నేర్పలేదు. తప్పు చేసిన కొద్దీ వచ్చింది.

ఈ సినిమా దర్శకుడు ముప్పై దాటినవాడు, మంచి చదువు చదివినవాడు, మర్యాదస్తుడు. లైటుబాయిని సైతం 'మీరు' అంటాడు. ఆ మర్యాదతోనే మనిషి తోలు ఒలవగలడు. కథ మన వైపుదే. తొలకరి పడగానే వజ్రకరూరు చేలలో వజ్రాలు వెతకడానికి జనం చేరతారు కదా, అక్కడ ఒక ఆడపిల్లా ఒక మగపిల్లవాడూ ఇష్టపడతారు. ఇద్దరూ తల వంచి, నేల మీద చూపు పెట్టి, ఒకరినొకరు చూడకుండానే దగ్గరికి వస్తారు. చివరికి తలలు తాకుతాయి. మాట ఉండదు. ఆ చోట పాట కూడా వద్దన్నాడు దర్శకుడు. అమెరికాలో నల్లవాళ్ళు మన తాతల కాలంలో ఊదిన జాజ్ రికార్డులు కావాలన్నాడు. ఆ అరుగుదల శబ్దం, తాలింపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉండేది, అది కూడా కావాలన్నాడు. ఎర్ర నేల మీద ఆ సంగీతం వినిపిస్తే ప్రేమ కొత్తగా కనిపిస్తుందని అతని నమ్మకం. అతడు అన్నది తప్పు కాదు. నేనే పెట్టి చూశాను. ఆపి, మళ్ళీ మొదటినుంచి పెట్టుకున్నాను.

ఆ రికార్డులు వారాల తరబడి విన్న తరువాతనే, అన్నా, నాకు మన నాయన ఊదిన పాట ఆ ఇంటి ఆడపడుచేనని అర్థమైంది. పైకి పోతూ పోతూ తడబడినట్టు ఆగడం, మళ్ళీ అందుకోవడం, అంతా అదే. ఆ మాట దర్శకుడికి చెప్పాను. రైల్వే క్లబ్బులో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లూ గార్డులూ తమ ఆడవాళ్ళతో ఆడే చివరి డాన్సుకు నాయన ఆ పాట ఊదేవాడనీ, దీపాలు తగ్గించేవారనీ, జతలు జతలుగా తిరిగేవారనీ చెప్పాను. వాళ్ళంతా దేశం విడిచిపోయినాక నాయన దగ్గర బూర మిగిలింది, ఆడేవాళ్ళు మిగలలేదు. మన కాలనీలో ఒక పెద్దామె పోయిన రోజున ఏది ఊదాలో తోచక, అదే పాటను శవపెట్టె మోసేవాళ్ళ అడుగుకు తగినట్టు నెమ్మది చేసి ఊదాడు. అప్పటినుండి అటు గుత్తి వరకు, ఇటు వజ్రకరూరు వరకు, మనవాళ్ళే కాదు, మన బ్యాండును పిలిచిన ప్రతి ఇంటివారూ ఆ పాట లేకుండా మనిషిని మట్టికి పంపరని చెప్పాను.

దర్శకుడు కుర్చీలోంచి లేచాడు. "ప్రేమ పాట చావు పాటయిందా! ప్రకాశంగారూ, ఇంతకంటే రొమాన్స్ ఎక్కడుంటుందండీ?"

"మా వైపు జనానికి అది చావు పాటే సార్. ఇంకోలా వినలేరేమో."

"మీ వైపు ఎంతమంది ఉంటారండీ?" అని నవ్వాడు.

అలా నిన్ను పిలిపించడం జరిగింది. స్టూడియోలో జరిగింది నీకు తెలిసినదే, అయినా కొంత గుర్తుచేయవలసి ఉంది, ఎందుకంటే తరువాతి దానికి మూలం అక్కడ ఉంది. నీవు వదిన పాత చీరలో చుట్టిన బూరతో లోపలికి రాగానే ఆ అసిస్టెంటు కుర్రవాడు "బూర తాత వచ్చారు సార్" అని అరిచాడు. నీవు ఊరుకోలేదు. "నేను తాతనైతే నువ్వు మనవడివి కదప్పా, వంగి కాళ్ళు మొక్కు, దీవిస్తా" అన్నావు. గదంతా నవ్వింది, వాడు నిజంగానే వంగాడు. ఆ ఒక్క నవ్వే ఆ రోజు నీ వైపు ఉన్నది.

పాట వేగంగా కావాలన్నారు. నీవు ప్రయత్నించావు, ఊపిరి రాలేదు. "నిలబడి ఊదే పాట కాదప్పా ఇది. నడస్తా ఊదేది. కాలు ఆడితేనే గాలి వస్తాది" అన్నావు. నడిస్తే చెప్పుల చప్పుడు మైకులో పడుతుందన్నారు. చెప్పులు విడిపించి, ఆ చల్లని నేల మీద ఉన్నచోటనే అడుగులు వేయించారు. కళ్ళు మూసుకొని, ఎడమ కాలు, కుడి కాలు, ముందు ఒక పెట్టె పోతున్నట్టే నడిచావు. అద్దానికి ఇవతల దర్శకుడు "ఎంత నిదానం, ఎంత విరహం" అన్నాడు. నాకు అనిపించింది, ఈ నడక మనవాళ్ళు పట్టేస్తారని. అనిపించినా, బొమ్మ పక్కన చేరితే పాట తిరిగి తన పుట్టింటికి పోతుందని నమ్మాను. నీవూ నమ్మావు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చొని నీవన్న మాట నేను మరవలేదు:

"నాయన ఈ పాటకు జతలు ఆడేది కండ్లారా సూసినాడు ప్రకాశం. నేను సూసిందంతా పెట్టె మోసేటోళ్ళ ఈపులే. సచ్చేలోపల ఒగసారన్నా, ఈ పాటకు ఇద్దరు ఇష్టపడేది సూడల్ల."

నీవు అడుగుతున్నది బూర గురించి కాదు, దీన్ని గురించి అని నాకు తెలుసు.

సినిమా పూర్తయినాక, విడుదలకు ముందు అక్కడి జనానికే చూపించి తెలుసుకుందామని అనంతపురంలో ఒక థియేటరు తీసుకున్నారు. షూటింగులో నిలబడిన వజ్రకరూరువాళ్ళను ఒక బస్సులో తెచ్చారు. మిగిలినవారు కాలేజీ పిల్లలు. నిన్ను కూడా పిలుస్తానంటే, సంగీతం వాయించినవాళ్ళు వద్దన్నాడు దర్శకుడు. ఆ రోజు నీవు ఉరవకొండలో పెళ్ళికి ఊదుతున్నావు. దేవుడు నీ పట్ల చేసిన మేళ్ళలో దాన్ని కూడా చేర్చుకో.

మొదటి సగం బాగా నడిచింది. మన ఊళ్ళు తెర మీద కనిపించినప్పుడు ఈలలు వేశారు. చేనులో ఆ ఇద్దరూ తల వంచారు. దగ్గరికి వస్తున్నారు. హాలు నిశ్శబ్దమైంది. నీ బూర మొదలైంది. అన్నా, అంత బాగా నీవు ఎన్నడూ ఊదలేదు. ఆ హాలు స్పీకర్లలో నీ ఊపిరి పక్కన కూర్చున్న మనిషి ఊపిరిలాగా వినిపించింది. నాలుగడుగులు నడిచింది పాట. అంతే.

"ఏమప్పా, ఎవురు పోయినారు?" అన్నాడు ఎవడో చీకట్లో.

"హీరోనే పోయినట్టుండాడు. పెట్టె తేండ్రా!"

"ముద్దు పెట్టుకోకముందే మట్టి ఏస్తాండారు కదరా!"

హాలు కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. ఆ నవ్వులో, బస్సులో వచ్చినవాళ్ళ వరుసలోంచి ఒక ముసలామె లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది. వీధిలో పెట్టె పోతున్నప్పుడు అరుగు మీద ఉన్నవాళ్ళు లేచి నిలబడినట్టే నిలబడింది. ఆమెను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఆ వరుసలో సగం మంది లేచారు. వాళ్ళు కావాలని లేవలేదు, వాళ్ళ కాళ్ళు లేచాయి. వెనక పిల్లలు "కూసోవ్వా, సినిమా కనపడల్యా" అని అరుస్తుంటే, ఆమె వెనక్కి తిరిగి, "నవ్వద్దండప్పా, ఎవురో ఏమో పాపం" అంది. దానికి ఇంకా నవ్వారు. తెర మీద ఆ ఇద్దరి తలలు తాకాయి. ఎవరూ చూడలేదు.

నేను వెనక వరుసలో దర్శకుడి పక్కన ఉన్నాను. అతనికి కోపం వస్తుందనుకున్నాను. అతడు తెర వైపు చూడడం లేదు. జనాన్ని చూస్తున్నాడు, పండిన చేనును రైతు చూసుకున్నట్టు.

మరునాడు హైదరాబాదులో నన్ను పిలిచి కాఫీ తెప్పించాడు. "మనకు వజ్రం దొరికింది ప్రకాశంగారూ" అన్నాడు. సినిమాలో ఒక హాస్యగాడు ఉన్నాడు, బ్యాండు వాయించే లావుపాటి నల్లవాడు, ఆ ఆడపిల్ల వెంట పడుతుంటాడు. ఆమె కాదన్న ప్రతిసారీ వాడి ముఖం మీద నీ పాట పెట్టమన్నాడు. ప్రేమికుల చోట ఒక పాత అమెరికా రికార్డుకు హక్కులు కొన్నారట.

"సార్, అది మావాళ్ళను సాగనంపే పాట."

"ప్రేమ పాట అని మీరే కదండీ అన్నారు?"

"రెండూ సార్."

"అయితే ఇప్పుడు మూడోది" అన్నాడు.

కనీసం ఇంకొకరి చేత ఊదించమని బతిమాలాను. నీ గాలి అందులో ఉండకుండా చేయాలని నా ఉద్దేశం. అతడు చాలా మృదువుగా తల అడ్డంగా ఆడించాడు. "ఇంకొకరు ఊదితే నవ్వు రాదండీ. మీ అన్నగారి ఊపిరిలో శవం ఉంది. అది కొనడానికి దొరకదు."

నేను చేయనంటే పక్క గదిలో కుర్రవాడు చేస్తాడన్నాడు. ఆ కుర్రవాడు ఎలా చేస్తాడో నాకు తెలుసు. ఎక్కడ పడితే అక్కడ తెగ్గొడతాడు. కనుక నేనే చేశాను. ఈ మాట నీకు ఇంకొకరి నోట తెలియకూడదు. నీ పాటను ముక్కలు చేసినవాణ్ణి నేనే. ప్రతి ముక్కనూ నీ ఊపిరి ఆగిన చోటనే కోశాను, ఊపిరి మధ్యలో ఎక్కడా కత్తి పెట్టలేదు. అందువల్ల నవ్వు ఇంకా బాగా పండింది. గదిలో ఉన్నవాళ్ళు కడుపు పట్టుకొని నవ్వారు. దర్శకుడు నా భుజం తట్టి, "మీ టైమింగు అద్భుతం" అన్నాడు.

కనుక, నీ ప్రశ్నకు జవాబు. ఉంది అన్నా. నీ బూర సినిమాలో ఉంది. తెర మీద నీ పేరు కూడా వస్తుంది, అక్షరదోషం లేకుండా నేనే సరిచూశాను. కాలనీలో అడిగిన ప్రతివారికీ ఉందని చెప్పు, అది అబద్ధం కాదు. కాని నీవు పోవద్దు. శుక్రవారం మొదటి ఆటకు బ్యాండువాళ్ళంతా యూనిఫారం వేసుకొని వచ్చి హాలు ముందు ఊదాలనుకున్నారని చెప్పావు. దాన్ని ఆపు. ఏ సాకు చెబుతావో నీ ఇష్టం, నా మీద చెప్పినా ఒప్పుకుంటాను. ఆ పిల్లలు డ్రెస్సుతో లోపలికి పోయి కూర్చున్నాక, తెర మీద అదే డ్రెస్సులో ఆ లావుపాటివాడు కనిపిస్తాడు. ఆ తరువాత వాళ్ళు నీ ముఖం వైపు చూస్తారు. నీవు చూడాలనుకున్న ఇద్దరు ఆ సినిమాలో ఉన్నారు గాని, వాళ్ళు వేరే పాటకు ఇష్టపడతారు.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయకుండా మూసివేయాలని చాలాసేపు చూశాను.

హాస్యగాడి ముక్కను ముందుగానే ఫోన్లలో వదిలారు. అది పాకుతోంది. మా వీధి టీకొట్టు దగ్గర, పరీక్ష తప్పానని ఒకడు చెబితే రెండోవాడు నోటితో నీ పాట ఊదాడు. వాడిది విజయనగరం వైపు. మన పెట్టెను గాని, మన వీధిని గాని ఏనాడూ చూసినవాడు కాదు. శుక్రవారం నాటికి అది గుంతకల్లు చేరుతుంది, ఈపాటికి చేరి ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇకమీదట నీవు ఏ పెట్టె వెనకాలనైనా ఆ పాట ఎత్తుకుంటే, అరుగు మీద ఉన్న ఎవరో ఒకరు, వద్దనుకున్నా, నవ్వుతారు. వాళ్ళను తిట్టవద్దు. ఆ ముసలామె కాళ్ళు వాటంతట అవే లేచినట్టు, వీళ్ళ నవ్వు కూడా దానంతటదే వస్తుంది. ఆ నవ్వు నీ మీద పడితే నీవు ఓర్చుకుంటావు. కాని అది పెట్టెలో ఉన్న మనిషి మీద పడుతుంది, వెనక నడిచే వాళ్ళ బిడ్డల మీద పడుతుంది.

అందువల్ల, అన్నా, ఆ పాటను ఇంకెవరికీ ఊదవద్దు. కీర్తనలు ఉన్నాయి, ఏదో ఒకటి ఊదు. జనం అడుగుతారు; మరచిపోయానని చెప్పు.

నాకు మాత్రం ఊదు. నీకంటే నేనే ముందు పోతే, నన్ను ఈ ఊళ్ళో ఉంచనీయకుండా తెప్పించి, నా పెట్టె వెనక చెప్పులు విడిచి నడుస్తూ అదే ఊదు. నవ్వేవాళ్ళను నవ్వనీ. ఆ నవ్వు సరిగ్గా పడవలసిన చోటనే పడుతుంది.

పాస్టరుగారికీ, ఎదురింటి ఎస్తేరమ్మకూ నా వందనాలు చెప్పు. వదిన పాదాలకు నా మొక్కు. నీ చేయి నా తల మీద ఇంకా ఉంచదలచుకున్నావో లేదో తెలియదు; ఉందనే అనుకొని ఇక్కడ తల వంచి ముగిస్తున్నాను.

నీ తమ్ముడు,
ప్రకాశం